ఎవరూ ముట్టని స్టార్టర్

పోయినవారం మనం జమీలాను ప్రొద్దుటూరులో, వాళ్ల మోటారు వైండింగ్ షాపు ముందు, పళ్లు పటపట కొరుకుతుండగా వదిలి వచ్చాం. ఎదురుగా ఓబుళరెడ్డి పికప్ బండి. బండిలో గోనెపట్టాల మీద ఒక పాత పడవ మోటారు. రెండేళ్ల కిందట, దసరా మర్నాడు, జమ్మలమడుగు అవతల డ్యాము వెనకనీళ్లలో నడిమధ్య ఆగిపోయింది ఆ మోటారే. పడవ నడిపే నాగేంద్రను పొట్టన పెట్టుకుందీ ఆ మోటారే. స్టార్టర్‌లో తీగ కాలిపోయింది, పాపం దాన్ని చుట్టిన జమీలా తండ్రి హుసేన్ పీరాది, అని ఆనాడు ఊరికి చెప్పినవాడు పడవ యజమాని ఓబుళరెడ్డి. ఊరు నమ్మింది. నాగేంద్ర భార్య ప్రశాంతి ఊరికంటే గట్టిగా నమ్మింది. దినాలు కాకముందే ప్రొద్దుటూరు వచ్చి, గుప్పెడు మన్ను తీసి షాపు గడప మీద పోసి, నీ చేతులు పడిపోను అని శపించి పోయింది. చేతులు పడిపోలేదు. కానీ ఆ రోజు నుంచి జమీలా తండ్రి ఆ చేతులతో తీగ పట్టలేదు, వీధిలోకీ రాలేదు.

ఇప్పుడు అదే ఓబుళరెడ్డి అదే మోటారును అదే షాపుకు తెచ్చాడు. దసరాకు కొత్త పడవ నీళ్లలోకి దించాలట. ఇంత పాత మోటారుకు ప్రాణం పోయగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ దొరకలేదట. సిగ్గు అనేదాన్ని దేవుడు అందరికీ సమానంగా పంచలేదు మరి.

జమీలా ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. మోటారంతా తాను బాగుచేస్తుంది, స్టార్టర్ జోలికి మాత్రం పోదు. దాన్ని ఓబుళరెడ్డి ముందర, ప్రశాంతి ముందర విప్పుతుంది. లోపల తీగ కాలి ఉంటే, షాపు బోర్డు మీద ఉన్న తండ్రి పేరును తన చేత్తో తానే చెరిపేస్తుంది.

* * *

మాట ఇచ్చినంత తేలిక కాలేదు పని. సింహాద్రిపురం దగ్గర ఓబుళరెడ్డి చీనీతోటలో, అదే బత్తాయి తోటలో, ఎరువు మూటల పక్కన, రెండేళ్లు పడి ఉన్న మోటారు అది. మూత తీస్తే లోపల ఎలుకలు కాపురం చేసి, పిల్లలు పెట్టి, ఖాళీ చేసి పోయిన గుర్తులు. పొగ పోయే దారిలో కందిరీగల మట్టిగూళ్లు. కార్బొరేటర్‌లో పాత పెట్రోలు జిగురై పట్టుకుంది. నీళ్లు లాగే రబ్బరు చక్రం ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. జమీలా ఒక్కొక్కటే ఊడదీసి, కిరోసిన్‌లో నానేసి, ఊది, తుడిచి మళ్లీ ఎక్కించింది. రబ్బరు చక్రం కోసం ఎవరెవరికో ఫోన్లు చేసి కాకినాడ నుంచి తెప్పించింది. పిస్టన్ పట్టేయలేదు, అదొక్కటే అదృష్టం. చివరికి మోటారును నీళ్ల డ్రమ్ములో దించి, చక్రానికి తాడు చుట్టి భుజం ఊడేలా గుంజితే, ఒక దమ్ము పొగ వదిలి, దగ్గి, తిరిగింది.

ఆ చప్పుడుకు వెనకింట్లో మంచం కిర్రుమంది. షాపుకూ ఇంటికీ మధ్య ఒకటే తలుపు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

జమీలాకు ఆ తలుపు మీద కూడా కోపమే. కోపం లేనిది ఎవరి మీద గనుక? అబద్ధమాడినవాడి మీద కోపం, నమ్మినవాళ్ల మీద కోపం. "నేను చెయ్యలేదు" అని ఒక్క మాట అనకుండా మంచమెక్కిన తండ్రి మీద అన్నిటికంటే పెద్ద కోపం. తప్పు చేయనివాడు తల దించుకుంటే, తప్పు చేసినవాడికి తలపాగా చుట్టినట్టే కదా.

ఆ రోజు ఓబుళరెడ్డి పొద్దున్నే దిగాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో సంచీడు చీనీకాయలు. సంచీని బల్ల మీద పెట్టాడు. ఎవరూ దాని వంక చూడలేదు.

"ఏం పాపా, అయిపాయనా? దసరా ముందరికి పడవ దించల్ల నేను."

"స్టార్టర్ ఒగటే మిగిలిండాది రెడ్డీ."

ఒకప్పుడు ఆమె అతన్ని మామా అని పిలిచేది. ఆ పిలుపు ఇప్పుడు గొంతు దాటదు. ఓబుళరెడ్డి అది గమనించాడు, గమనించనట్టు కుర్చీ లాక్కున్నాడు.

ప్రశాంతి జమ్మలమడుగు బస్సు దిగి నడిచి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గడప లోపలికి ఒక్క అడుగు వేసి, గోడకు ఆనుకోకుండా, కొంగు బిగించి నిలబడింది. ఫోన్లో రమ్మన్నప్పుడే చెప్పింది, "మీ అబ్బ పేరు బోర్డు మింద నుంచి పొయ్యేది సూడ్డానికే వస్తాండా" అని. నాగేంద్ర బతికి ఉన్నప్పుడు ఇదే మనిషి జమీలక్కా అంటూ ఈ షాపులో నేల మీద కూర్చుని బొరుగులు తిన్నది.

జమీలా బ్యాటరీ తీగలు తగిలించి మీట నొక్కింది.

టక్.

అంతే. ఇంకేమీ లేదు. ఇంకోసారి నొక్కింది. మళ్లీ అదే టక్.

ఓబుళరెడ్డి కుర్చీలోంచి సగం లేచాడు. "సూసినావా ప్రశాంతీ! ఆ పొద్దు గూడా ఇంతే. నేను చెప్తే కొంతమంది నమ్మకపాయిరి. ఇప్పుడు నీ కండ్లతోనే సూడు."

ప్రశాంతి మొహం ఎర్రబడింది. ఆమె చూసింది మోటారును కాదు, జమీలాను.

"మా ఆయన చేతులు సూసినావా నువ్వు? ఒడ్డు కాడ ఎట్లనో తిరిగిందంట. నడిమధ్యలో వల వచ్చి మోటారు రెక్కకు సుట్టుకునిందంట. దాన్ని కోసేదానికి మోటారు ఆపినాడు. మల్ల తిప్పబోతే మీ స్టార్టర్ తిరగల్యా. వేడెక్కిన మోటారు తాడుకు గూడా లేయల్యా, చక్రానికి తాడు సుట్టి గుంజి గుంజి అరచేతుల తోలు ఊడిపాయ. గాలికి పడవ పోయి రాళ్లకు కొట్టుకునిందాకా గుంజినాడు. మోటారు నీళ్ల పైన్నే నిలిచె. మనిషే నీళ్ల కిందికి పాయ. ఆ చేతులకు పసుపు పూసింది నేను. నువ్వు కాదు."

జమీలా ఓబుళరెడ్డి వైపు తిరిగింది.

"ఒగ మాట అడుగుతా రెడ్డీ. మా అబ్బ బిగించి ఇచ్చినాంక ఈ స్టార్టర్‌ను ఎవురన్నా విప్పినారా?"

"ఎన్నిసార్లు చెప్పల్ల మే? పోలీసోళ్లకు చెప్పినా. పెద్దమనుషులకు చెప్పినా. ఎవురూ ముట్టలేదు."

"ఇంగోసారి చెప్పు. ఆయమ్మ ముందర చెప్పు."

"మా ఇంటి దేవుని మింద ఆన. ఆ స్టార్టర్‌ను మీ నాయన తప్ప ఎవురూ ముట్టలేదు. సాలునా?"

దేవుడి పేరు అంత చులాగ్గా నోట్లోంచి ఊడిపడేవాళ్ల దగ్గర దేవుడు కూడా జాగ్రత్తగానే ఉంటాడనుకుంటాను.

జమీలా వెళ్లి, లారీలకు వాడే లావుపాటి తీగ ఒకటి తెచ్చింది. ఒక కొసను బ్యాటరీకి తగిలించింది. రెండో కొసను సూటిగా స్టార్టర్ ఒంటికి అదిమి పట్టి, మీట నొక్కింది.

స్టార్టర్ గిర్రుమంది. పళ్లచక్రం ఎగిరి పెద్ద చక్రాన్ని పట్టుకుంది. మోటారు ఒక్క ఊపులో తిరిగి, డ్రమ్ములో నీళ్లు ఎగజిమ్మి, ఓబుళరెడ్డి తెల్లచొక్కా అంతా తడిపేసింది. ప్రశాంతి ఉలిక్కిపడి గోడకు తగిలింది.

జమీలా మోటారు ఆపింది.

"కాలిపోయిన తీగ ఇట్ల తిరుగుతాదా రెడ్డీ? చెప్పు. మా అబ్బ సుట్టిన తీగే ఇది. లోపల కరెంటు అందించే కార్బన్లు గూడా ఆయన ఏసినవే."

"నువ్వు రేత్రి మార్చింటావు!"

"బోల్టుల తుప్పు సూడు. నీ తోటలో పట్టిన తుప్పు. పానా పెట్టింటే ఆ తుప్పు అట్లనే ఉంటాదా?"

ఓబుళరెడ్డి చొక్కా దులుపుకోవడంలో మునిగిపోయాడు. ప్రశాంతి మాత్రం ముందుకు వచ్చింది. గోడ దగ్గర్నుంచి మోటారు దగ్గరికి వచ్చి, వంగి, నిజంగానే తుప్పు చూసింది.

"మొదట ఏల తిరగల్యా? ఇప్పుడు ఏల తిరిగె?" అడిగింది. గొంతులో కసి తగ్గలేదు. అయినా అది అడగడం, శపించడం కాదు.

"కరెంటు తీగలో నుంచి స్టార్టర్‌లోకి పోతాది. వచ్చేటప్పుడు దాని ఒంటి గుండా, అది కూచున్న ఇనుము గుండా వెనక్కి రావల్ల. ఇనుమూ ఇనుమూ తగల్ల. ఈడ ఏదో అడ్డం ఉండాది. నేను వేరే తీగతో దారి ఇస్తి, తిరిగె." జమీలా పానా తీసి ఓబుళరెడ్డి ముందు పెట్టింది. "ఇప్పు రెడ్డీ. నీ చేతుల్తోనే ఇప్పు."

"నేనేమన్నా మెకానిక్కా?"

పానాను ప్రశాంతి తీసుకుంది. ఎటు తిప్పాలో జమీలా వేలితో చూపించింది. మొదటి బోల్టు కీచుమని ఏడ్చి వదిలింది. రెండోదానికి ఆమె తన బరువంతా వేయాల్సి వచ్చింది. స్టార్టర్ ఊడి జమీలా చేతుల్లోకి వచ్చింది.

అది కూర్చున్న చోట తెల్లటి ఇనుము ఉండాలి. హుసేన్ పీరా పద్ధతి అది. ఏ స్టార్టర్ బిగించినా ముందు ఆ చోటును ఆకురాయితో రుద్ది, మెరిసేదాకా రుద్ది, గ్రీజు పూసి, అప్పుడే కూర్చోబెడతాడు. ఆ చోట రంగు పడకూడదని పండగలప్పుడు రంగులు వేసేవాళ్లతో కొట్లాడేవాడు. మన దగ్గర ఆయుధపూజ వస్తే పానా నుంచి లారీ దాకా కడగనిది, రంగు పూయనిది, బొట్టు పెట్టనిది ఉండదు కదా. ఆయన మాత్రం గుడ్డ కట్టి ఆ చోటు కాపాడేవాడు.

ఇక్కడ తెల్లటి ఇనుము లేదు. దట్టంగా పూసిన చిలకపచ్చ రంగు ఉంది. ఆ రంగు మధ్యలో, పచ్చిగా ఉన్నప్పుడే అంటుకుని ఎండిపోయిన గంధమూ, దాని మీద గుండ్రంగా కుంకుమబొట్టూ.

స్టార్టర్ బిగించి ఉండగా దాని కింద బొట్టు పెట్టడం బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. అంటే ఆయుధపూజ నాటికి స్టార్టర్ అక్కడ లేదు. ఎవరో తీశారు. బొట్టు పెట్టాక ఎవరో తెచ్చి, తడి రంగు మీదనే బిగించారు.

"ఎవురూ ముట్టలేదా రెడ్డీ?" అంది జమీలా. గట్టిగా కూడా అనలేదు.

"నాకేం తెలుసు? నేనేమన్నా ఇరవైనాలుగు గంటలూ ఆడ్నే కూచోనుంటినా? నేను మాత్రం తీయలేదు!"

తీశావా అని ఇంకా ఎవరూ అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో జమీలా ఆ రోజు కళ్లారా చూసింది.

ప్రశాంతి మోకాళ్ల మీద కూర్చుంది. బొట్టు మీద వేలు పెట్టింది, తీసింది.

"ఇది నేను పెట్టిన బొట్టు."

ఆమె మాటలు ఎవరితోనో కాకుండా ఆ ఇనుముతో చెబుతున్నట్టు వచ్చాయి. "పండగ పొద్దు ఒడ్డు కాడికి పోయి పూజ చేస్తిమి. ఆయన పడవ కడుగుతాండె. నేను మోటారుకు రంగు పూస్తాంటి. ఈడ బోసిగా ఉండె. ఇదేందబ్బా అంటే, రెడ్డి ఇంగో పడవకు స్టార్టర్ తీస్కపోయినాడు, మాపటేలకు తెచ్చిస్తాడు అన్యాడు. బోసిగా ఉంటే బాగుండదని ఆడ గూడా పూస్తి. బొట్టు పెడితి. ఆ దుక్కంలో ఆ సంగతే మరిచిపోతి, ఈ బొట్టు సూసినాంక గుర్తొచ్చె."

తల ఎత్తింది. ఓబుళరెడ్డి తలుపు వైపు చూస్తున్నాడు.

"పండగ పూట ఇంగో పడవ కదలకపాయ," అన్నాడు. "జనం వచ్చి కూచోనుండిరి. నా మోటారు, నా స్టార్టర్. నాది నేను తీసుకుంటే తప్పా?"

"తీసుకునింది తప్పని ఎవురన్యారు? ముట్టలేదని ఏల చెప్తివి?" జమీలా కేక వీధి దాకా వినిపించింది. "రెండేండ్లు! రెండేండ్లు మా అబ్బ మొగం గోడకు పెట్టుకోని పడుకున్యాడు!"

"కేసు అయితాదని..." ఓబుళరెడ్డి మాట మధ్యలో మింగేశాడు.

ప్రశాంతి అతని మాట వినడం లేదు. ఆమెకు వేరే లెక్క తేలుతోంది. పచ్చరంగు చూస్తూ, చాలా మెల్లిగా అడిగింది.

"అక్కా. అయితే ఆయప్పను చంపింది నా రంగా?"

జమీలా ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోవడం మంచితనం అని ఆమెకూ తెలుసు. కానీ గడప మీద పడిన ఆ మన్ను, ఆ శాపం, తీగ పట్టని తండ్రి చేతులు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఓబుళరెడ్డికి తగలాల్సిన దెబ్బ ప్రశాంతికి తగిలింది.

"అవు. నీ రంగే. మా అబ్బ చేతులు పడిపోవల్లని మన్ను పోస్తివే, ఇప్పుడు నీ చేతులు సూసుకో."

"నోరు మూయి జమీలా!"

వెనక తలుపు తెరుచుకుంది. హుసేన్ పీరా నిలబడి ఉన్నాడు. నెరిసిన గడ్డం, నలిగిన లుంగీ, రెండేళ్లుగా ఎండ తగలని తెల్లటి మొహం. కానీ గొంతు మాత్రం పాతదే, లారీ డ్రైవర్లను హడలగొట్టిన గొంతు.

"ఆడబిడ్డతో మాట్లాడే మాటనా అది?"

"నీ కోసమే మాట్లాడ్తాండా అబ్బా! నీ తప్పు ల్యాదని..."

"నాకు తెలుసు."

జమీలాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"రంగు సంగతి తెలుసు. పడవను ఒడ్డుకు తెచ్చిన పొద్దే పోయి సూసినా. స్టార్టర్ కింద అంచున పచ్చరంగు కనపడె. గోటితో గీకి సూస్తి, లోపలిదాకా ఉండాది. పండక్కు ఆ పాప తన చేతుల్తో రంగేసిందని అంతకుముందే ఆ పిల్లోడు నాగేంద్ర ఫోన్లో సంబరంగా చెప్పిండె నాకు." ముసలాయన ప్రశాంతి వైపు చూడలేకపోయాడు. "కడిగేదానికి వాడే ఇప్పి, తెలీక బిగించుకున్యాడేమో అనుకుంటి. ఎట్ల చెప్పల్ల? నీ మొగుని పానం తీసింది నీ రంగేనమ్మా అని, తాళి తెగిన బిడ్డకు నేను ఎట్ల చెప్పల్ల? నన్ను తిట్టుకోని అన్నా బతుకుతాదిలే అనుకుంటి."

జమీలా ఒళ్లంతా భగ్గుమంది. తండ్రి మీద ఇంత కోపం ఆమెకు ఎన్నడూ రాలేదు, ఇంత ప్రేమ కూడా రాలేదు. ఆ రెండూ కలిసి వస్తే మనిషికి అరవాలో ఏడవాలో తెలియదు. ఆమె స్టార్టర్‌ను బల్ల మీద దబ్బున పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ప్రశాంతి ఏడవలేదు. కూర్చున్న చోటనే ముసలాయన పాదాల దాకా జరిగింది. ఆయన వెనక్కి తగ్గి, లెమ్మన్నట్టు చెయ్యి ఆడించాడు.

అప్పుడు ఆయన చూపు ఓబుళరెడ్డి మీదికి తిరిగింది. లోపలి నుంచి అంతా విన్నాడని ఆ చూపే చెబుతోంది.

"స్టార్టర్ తీసింది నువ్వా?"

"సాయిబూ, నువ్వు కూచో. పెద్దమనిషివి. సల్లంగా మాట్లాడుకుందాం."

"తీసింది నువ్వే. తిరిగి బిగించింది నీ మనుషులే. ఆ పొద్దు నా ఇంటికొచ్చి, నా మంచం మింద కూచోని, నీ తీగే కాలిపాయ సాయిబూ, నేనేం చేసేది అని కండ్లనీళ్లు పెట్టుకుంటివే. అప్పుడు నీకు తెలుసు గదా?"

ఓబుళరెడ్డి చీనీకాయల సంచీని కూడా మరిచిపోయి వీధివైపు నడిచాడు.

"ఆ బిడ్డ కోసం నోరు కుట్టేసుకుంటి నేను," అన్నాడు హుసేన్ పీరా. "ఆ మౌనాన్ని నువ్వు నీ అబద్ధానికి దుప్పటి చేసుకుంటివా రెడ్డీ? జమీలా, షట్టర్ దించు."

జమీలా కదిలేలోపే ప్రశాంతి లేచింది. ఓబుళరెడ్డిని తోసుకుంటూ ముందుకు పోయి, కొక్కెం పట్టి, ఒక్క గుంజున షట్టర్ నేలకు దించింది. లోపల చీకటి పడింది. పై రేకు సందులోంచి ఒక చార వెలుతురు ఓబుళరెడ్డి తడిచొక్కా మీద పడింది.

"ఏంది మే ఇది? తెరువు! నా డ్రైవర్ బయట ఉండాడు!"

ప్రశాంతి షట్టర్‌కు వీపు ఆనించి నిలబడింది. పానా ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"పండగ మర్నాడు తెల్లారేలకే మా ఆయన నీకు ఫోన్ చేసినాడు," అంది. "పొయ్యి కాడ ఉండి వింటి. 'ఈ పొద్దు వద్దులే రెడ్డీ' అన్న మాట ఒగటే చెవిన పడె. పండగ అలుపు, పనికి పొయ్యేది లేక అంటాండాడని నేనే నవ్వుకుంటి. మల్ల నువ్వేం చెప్తివో, ఒగ మాట గూడా ఎదురుసెప్పకుండా చెప్పులేసుకోని పాయ."

పానాను రెండో చేతిలోకి మార్చుకుంది.

"ఆ మాటకు ముందర ఆయన నీకు ఏం చెప్పినాడు రెడ్డీ? స్టార్టర్ సరిగ్గా పట్టల్యాదని చెప్పినాడా? సాయిబు సూసినాంక పోదామని చెప్పినాడా? అప్పుడు నువ్వేమంటివి?"

బయట డ్రైవర్ షట్టర్ మీద బాదుతున్నాడు. లోపల ముగ్గురూ ఓబుళరెడ్డి మొహం వైపే చూస్తున్నారు. అతను ఒకసారి జమీలా వైపు, ఒకసారి ముసలాయన వైపు చూసి, కుర్చీలో కూలబడి, నోరు తెరిచాడు.